శ్రుతి ముందే చెప్పండి: గాన సభల, ఆరాధనోత్సవాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సభా నిర్వాహకులకు, ఆరాధనోత్సవ సంఘాల పెద్దలకు నమస్కారం.

మేము తెలుగు నాట వయొలిన్ నేర్పుతున్నవాళ్లం, వేదికల మీద పక్కవాద్యం వాయిస్తున్నవాళ్లం. పదేళ్లో పన్నెండేళ్లో సాధన చేసి, ఇప్పుడిప్పుడే కచేరీల్లో కూర్చుంటున్న యువ వయొలిన్ కళాకారుల కోసం ఈ లేఖ రాస్తున్నాం. సంగీతమే వృత్తిగా నిలబడాలా, ఉద్యోగం చూసుకోవాలా అని వాళ్లు తేల్చుకునే వయసు ఇది. ఆ నిర్ణయంలో గురువుకు, తల్లిదండ్రులకు ఎంత పాత్ర ఉందో మీకూ అంతే ఉంది. గాయకుడికి పేరు తెచ్చే దారులు చాలా ఉన్నాయి. పక్కవాద్యం వాయించే పిల్లవాడికి మాత్రం మీ వేదికే దారి. అక్కడ అతను ఎలా వినిపించాడన్నదాని మీదే తర్వాతి పిలుపు ఆధారపడుతుంది. అతను ఎలా వినిపిస్తాడన్నది సగానికి సగం కచేరీకి వారం ముందు మీరు చేసే పనుల్లోనే తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు శ్రుతి. పిలుపు ఫోనులోనే గాయకుడి శ్రుతి, అంటే పాటకు ఆధార స్వరం ఎత్తు, ఎంతో చెప్పండి. చాలా సభలు తేదీ, సమయం, చీర రంగో పంచె అంచో కూడా చెబుతాయి కానీ శ్రుతి చెప్పవు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాబట్టే దీన్ని వివరంగా రాస్తున్నాం.

మగ గాత్రం సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో ఉంటుంది. ఆడ గాత్రం ఐదు, ఐదున్నర, ఆరు. హార్మోనియం మెట్ల లెక్కలో ఒకటి అంటే సి, ఐదు అంటే జి. మన పద్ధతిలో వయొలిన్ నాలుగు తీగలనూ షడ్జమం (స), పంచమం (ప), మళ్లీ షడ్జమం, పంచమంగా కలుపుతాం. అంటే గాయకుడు మారితే నాలుగు తీగలూ మారాలి. ఒకే తీగను ఒకటి శ్రుతి నుంచి ఐదు శ్రుతికి లాగితే దాని కంపన సంఖ్య ఒకటిన్నర రెట్లు అవుతుంది. బిగువు ఆ లెక్కకు వర్గంగా పెరుగుతుంది, అంటే 2.25 రెట్లు. ఆ భారానికి తీగ తెగిపోవచ్చు. తెగకపోయినా తీగలను మోసే బ్రిడ్జి మీదా, వాద్యం లోపల నిలబెట్టిన చిన్న చెక్క కడ్డీ అయిన సౌండ్ పోస్ట్ మీదా ఒత్తిడి రెట్టింపు దాటుతుంది. తిరుగుదారిలో, ఐదుకు సరిపడే తీగను ఒకటికి దించితే బిగువు సగానికంటే తక్కువకు పడిపోతుంది. అప్పుడు తీగ వదులై గరగరలాడుతుంది. కమాను కాస్త గట్టిగా పడితే స్వరం పైకి జరుగుతుంది, వదిలితే కిందికి దిగుతుంది. శ్రోతకు అది అపశ్రుతిగానే వినిపిస్తుంది. ఆ పిల్లవాడి చెవిలో లోపం లేదని అక్కడ ఎవరికి తెలుస్తుంది?

అందుకే కింది శ్రుతికి లావు తీగలు, పై శ్రుతికి మామూలు తీగలు వేస్తాం. స్థిరపడిన విద్వాంసులు రెండు వయొలిన్లు ఉంచుకుంటారు, ఒకటి మగ శ్రుతికి, ఒకటి ఆడ శ్రుతికి. ఇరవై ఏళ్ల కుర్రవాడి దగ్గర ఒక్కటే ఉంటుంది. అతను తీగలు మార్చుకోవాలి. కొత్తగా ఎక్కించిన సింథటిక్ తీగ సాగడం ఆగి శ్రుతి మీద నిలవడానికి కొన్ని రోజులు పడుతుంది. కచేరీకి గంట ముందు గ్రీన్ రూమ్‌లో "అమ్మగారిది ఐదున్నర" అని తెలిస్తే అతను చేయగలిగింది ఏమీ లేదు. తొందరలో తీగలు బిగించే నాలుగు బిరడాలూ తిప్పితే బ్రిడ్జి పైభాగం మెడ వైపు వాలుతుంది. గమనించి నిలబెట్టకపోతే పడిపోతుంది. తీగలన్నీ ఒక్కసారిగా వదులైతే సౌండ్ పోస్ట్ కూడా జారి పడవచ్చు. అది పడితే ఆ వాద్యం ఆ సాయంత్రానికి పనికిరాదు, వాద్యాలు బాగుచేసేవారి చేతికి వెళ్లాల్సిందే.

ఐదు నుంచి ఐదున్నరకు మారడం కూడా చిన్న మార్పు కాదు, బిగువు దాదాపు 12 శాతం పెరుగుతుంది. ఒక తీగ బిగిస్తే మిగతా మూడూ కొద్దిగా దిగుతాయి. మళ్లీ వాటిని సరిచేస్తే మొదటిది జరుగుతుంది. అందుకే అర శ్రుతి తేడా ఉన్నా ముందు రోజే తెలియాలి. వాద్యాన్ని రాత్రంతా ఆ శ్రుతిలో ఉంచితే మర్నాడు నిలకడగా ఉంటుంది.

శ్రుతి ఒక్కటి చెప్పి ఊరుకోకండి, గాయకుడు వాడే తంబురాను, అది ఎలక్ట్రానిక్ పెట్టె అయినా ఫోనులోని యాప్ అయినా, గ్రీన్ రూమ్‌లోనే వయొలిన్ వాయించేవారి ముందు మోగనివ్వండి. కొందరు గాయకులు మెట్టు కంటే రవ్వంత పైకి పెట్టుకుంటారు, గొంతు బాగాలేని రోజు రవ్వంత దించుకుంటారు. "ఒకటి" అన్న మాట మీద ఆధారపడి కలుపుకొని వచ్చినవాడు వేదిక మీద ప్రేక్షకుల ముందు మళ్లీ నాలుగు తీగలూ సవరించుకోవాల్సి వస్తుంది. త్యాగరాజ ఆరాధన రోజు అందరూ కలిసి పాడే పంచరత్న గోష్ఠికి కూడా ఇదే విన్నపం. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల ఆ ఐదు కీర్తనలకూ ఏ శ్రుతి పెడుతున్నారో ఆహ్వాన పత్రికలోనే వేయండి. గోష్ఠిలో పది పదిహేను వయొలిన్లు చేరతాయి, అందులో నేర్చుకుంటున్న పిల్లలే ఎక్కువ. తలొక శ్రుతిలో కలుపుకొని వచ్చి అక్కడ బిరడాలు తిప్పుకుంటూ ఉంటే నాట రాగం సగం అయిపోతుంది.

ఇక వేదిక. వయొలిన్ వాయించేవారు గాయకుడికి ఎడమ వైపు, గాయకుడి వైపు తిరిగి కూర్చుంటారు. వాద్యం ఒక కొన ఎడమ భుజానికీ ఛాతీకీ ఆని ఉంటుంది, రెండో కొన కుడి పాదం చీలమండ మీద నిలుస్తుంది. కమాను పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. పూర్తి కమాను లాగినప్పుడు కుడి చేయి వేదిక వెనక వైపు చాచుకుంటుంది. సరిగ్గా అక్కడే మీరు తంబురా వేసేవారినో, పూలకుండీనో, స్పీకరునో పెడతారు. కనీసం మూడడుగులు ఆ వైపు ఖాళీగా వదలండి. చోటు లేనప్పుడు పిల్లలు పొట్టి కమానుతో సరిపెట్టుకుంటారు. విలంబ కాల కృతిలో నాదం తెగి తెగి వస్తుంది, వాయించేవాడికి చేతకాదని విన్నవాళ్లు అనుకుంటారు. మెత్తటి పరుపులు వద్దు, జారే శాటిన్ గుడ్డలు అసలే వద్దు. చీలమండ కిందికి కుంగినా, వాద్యం కొన జారినా ఎడమ చేయి వాద్యాన్ని పట్టుకునే పనిలో పడుతుంది, స్వరాన్ని ఊపి, జార్చి గమకం పలికించే చేయి అదే. గట్టి తివాచీ చాలు.

వాతావరణం గురించి ఒక మాట. వయొలిన్ బిరడాలు చెక్కలో చెక్క ఇరుకుగా బిగిసి నిలుస్తాయి. ఏసీ హాల్లో గాలి పొడిబారితే చెక్క ముడుచుకుని బిరడాలు జారతాయి. గోదావరి గట్టున పందిట్లోనో, సముద్రం దగ్గరి ఆరుబయటి వేదిక మీదో తేమకు చెక్క ఉబ్బి అవే బిరడాలు తిరగనని మొరాయిస్తాయి. లైట్ల వేడికి తీగ సాగి శ్రుతి కిందికి దిగుతుంది. వీటిని ఆపలేం, కానీ అలవాటు పడే సమయం ఇవ్వవచ్చు. తెర తీయడానికి అరగంట ముందే, కచేరీలో వేసే ఏసీ, వేసే లైట్లు వేసి ఉంచి, కళాకారులను వేదిక మీద కూర్చోనివ్వండి. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ప్రసంగాలు గంటసేపు సాగి, ఆ తర్వాత నేరుగా వర్ణం మొదలుపెట్టమంటే అంతకు ముందు కలిపిన శ్రుతి ఎక్కడా ఉండదు. ప్రసంగాలను తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం అయ్యాక పెట్టుకున్న సభలు ఉన్నాయి. శ్రోతలు కదలకుండా విన్నారు కూడా.

మైకు దగ్గర జరిగే నష్టం ఇంతకంటే పెద్దది. వయొలిన్ నాదం బ్రిడ్జికి అటూ ఇటూ ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రాల దగ్గర నిండుగా ఉంటుంది. మైకును వాటికి ఎదురుగా, అడుగు నుంచి అడుగున్నర దూరంలో, కమాను దారికి అడ్డం రాకుండా పెట్టాలి. వేలిపలక మీదికి పెడితే వేళ్ల చప్పుడు వస్తుంది, బ్రిడ్జికి మరీ దగ్గరగా పెడితే కమాను వెంట్రుకలకు రాసే రోజిన్ రాపిడి గరుకుగా వినిపిస్తుంది. కండెన్సర్ మైకు అయితే మిక్సర్‌లో మైకుకు కరెంటు అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ వేయాలి. వేయడం మరచిపోయి "మీ మైకు పనిచేయడం లేదు" అన్న సందర్భాలు వయొలిన్ వాయించే ప్రతి ఒక్కరికీ తెలుసు. నాదం "స్పష్టంగా" రావాలని సౌండ్ చూసేవారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పెంచుతారు. వయొలిన్‌కు అక్కడే కీచుదనం ఉంటుంది, పెంచవద్దు. రివర్బ్ (ప్రతిధ్వని) ఎక్కువ వేస్తే గమకం అంచులు అరిగిపోయి కాంభోజి, హరికాంభోజి ఒకేలా వినిపించే పరిస్థితి వస్తుంది. సినిమా పాటల వేదికకు వాడిన సెట్టింగును అలాగే ఉంచేయకండి.

వయొలిన్ వాయించేవారికి విడిగా ఒక మానిటర్ స్పీకరు కావాలి, అందులో గాత్రం, తంబురా రావాలి. మృదంగం అవసరం లేదు, అది పక్కనుంచే వినిపిస్తుంది. పక్కవాద్యం పనంతా వినడంలో ఉంది. గాయకుడు రాగంలో ఒక సంగతి వేస్తే నీడలా వెంట నడవాలి, అయ్యాక తాను అందుకోవాలి. గాత్రం హాలు చివర గోడకు తగిలి తిరిగి వస్తే గానీ వినిపించని చోట కూర్చున్న పిల్లవాడు ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యంగానే అందుకుంటాడు. గాయకుడికి విసుగు పుడుతుంది. వచ్చేసారి "ఇంకెవరినైనా వేయండి" అంటారు. ఒక మానిటర్ లేకపోవడం వల్ల వృత్తి దెబ్బతినడం అంటే ఇదే.

గాయకులకు చెప్పాల్సిన మాట ఒకటుంది, మీ ద్వారా చెబుతున్నాం. పాటల పట్టిక మొత్తం ముందే ఇవ్వమని మేము అడగడం లేదు. మనోధర్మ సంగీతంలో అది సరికాదు, అప్పటికప్పుడు అందుకోవడం పక్కవాద్యకారుడి విద్యలో భాగం. అయితే రాగం తానం పల్లవి పాడే ఉద్దేశం ఉంటే సాహిత్యం, తాళం, ఎడుపు (తాళంలో ఎత్తుకునే చోటు), నడక (అక్షరాన్ని విభజించే తీరు) ఈ నాలుగూ ముందు రోజు చెప్పమనండి. ఖండ నడకలో, ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుకునే పల్లవిని వేదిక మీదే మొదటిసారి విని మూడు వేగాల్లో (త్రికాలం) వాయించడం పరీక్ష కాదు, శిక్ష. అరుదైన రాగం ప్రధానంగా తీసుకుంటే ఆ రాగం పేరు కూడా చెప్పవచ్చు.

సమయం తగ్గితే మొదట కోతపడేది వయొలిన్‌కే. రాగాలాపనలో గాయకుడు పది నిమిషాలు పాడితే వయొలిన్ అయిదారు నిమిషాలు వాయించడం వాడుక. ఒకే సాహిత్య పాదాన్ని రకరకాలుగా పాడే నెరవులో, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పనలో ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) ఆవర్తం సమానంగా నడుస్తుంది. గంటన్నర అని పిలిచి, ముందు కార్యక్రమం ఆలస్యమైందని గంటకు కుదిస్తే గాయకుడు వయొలిన్ రాగాన్ని రెండు నిమిషాల్లో ముగించమని సైగ చేస్తాడు. ఆ కుర్రవాడు ఆ రాగం మీద ఏళ్ల తరబడి చేసిన కృషి చూపడానికి ఆ సాయంత్రం ఉన్నది ఆ అయిదు నిమిషాలే. కుదించక తప్పకపోతే చివర పాడే చిన్న పాటలు (తుక్కడాలు) రెండు తగ్గించమనండి, రాగాన్ని కాదు.

రికార్డింగు విషయం ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైపోయింది. మీ యూట్యూబ్ వీడియోల పేర్లలో గాయకుడి పేరే ఉంటోంది. వివరణలో కూడా పక్కవాద్యాల పేర్లు లేకపోతే ఆ పిల్లవాడి పేరుతో వెతికిన మరో సభకు ఏమీ దొరకదు. పేరు సరైన అక్షరాలతో వేయండి, వయొలిన్ రాగం ఏ నిమిషంలో మొదలవుతుందో రాయండి, ఆ సమయంలో కెమెరా గాయకుడి మంచినీళ్ల గ్లాసు మీద కాకుండా వయొలిన్ మీద ఉంచండి. వీలైతే ఒక్కో మైకును విడి ట్రాకుగా రికార్డు చేయించండి. హాలు కోసం కలిపిన మిశ్రమంలో వయొలిన్ ఎప్పుడూ కిందే ఉంటుంది. విడి ట్రాకు ఉంటే తర్వాత సరిచేసుకోవచ్చు.

పారితోషికం గురించి మొహమాటం లేకుండా రాస్తున్నాం. "అవకాశం ఇస్తున్నాం కదా" అన్న మాట పారితోషికం కాదు. ఎంత ఇస్తారో పిలుపు రోజే చెప్పండి, ప్రయాణ ఖర్చు విడిగా లెక్కకట్టండి, కచేరీ అయిన రోజే ఇవ్వండి. గాయకుడికి మొత్తం ఇచ్చి "మీరూ మీరూ చూసుకోండి" అనే పద్ధతి మానండి. ఇరవై ఏళ్ల వయసులో పెద్దవారిని డబ్బు అడగగలిగినవాళ్లు ఉండరు. మంచి విదేశీ తీగల సెట్టు వేలల్లో ఉంటుంది. కమాను వెంట్రుకలు అరిగితే మార్పించుకోవాలి, ఆ పని బాగా తెలిసినవారి కోసం తరచుగా ఇంకో ఊరు వెళ్లాలి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఉపకార వేతనం ఇచ్చే పథకం ఉంది. మీ నోటీసు బోర్డు మీద ఆ ప్రకటన అంటించినా చాలామందికి మేలు. ఆకాశవాణి ఆడిషన్లకు కూడా అంతే. బి గ్రేడు వచ్చినవాడికి బి-హై, ఏ, టాప్ అని ముందుకు నడిచే మెట్లు కనిపిస్తాయి. వయొలిన్ వృత్తిలో ఇంత స్పష్టంగా కనిపించే మెట్లు మరెక్కడా లేవు.

మీ పోటీల తీరు కూడా మార్చమని కోరుతున్నాం. వయొలిన్ పోటీ అంటే ఒక వర్ణం, ఒక కృతి వాయించమంటున్నారు. కంఠతా వచ్చింది ఒప్పజెప్పడం అది. పక్కవాద్యపు పోటీ పెట్టండి. పోటీదారుకు పరిచయం లేని గాయకుడిని కూర్చోబెట్టి, పది నిమిషాలు రాగమూ నాలుగు ఆవర్తాల నెరవూ పాడించండి. ఎలా విన్నాడు, ఎక్కడ ఆగాడు, గాయకుడిని కప్పేశాడా, అందుకున్నప్పుడు తనదేమైనా చెప్పాడా అన్నవి చూసి మార్కులు వేయండి. పనికొచ్చే వయొలిన్ కళాకారులు మీకు అక్కడ దొరుకుతారు.

చివరి విన్నపం సోలో. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో దాని ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి అందుకున్నారు. వయొలిన్‌ను పక్కవాద్యపు చోటు నుంచి వేదిక నడుమకు తెచ్చి సోలో కచేరీలు చేసినవారిలో ఆయన ముందువరుస. అలాంటి పరంపర ఉన్న మన సభల్లో ఏడాది పట్టికలో వయొలిన్ సోలో ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. గాత్రం మధ్యలో వచ్చే అయిదు నిమిషాల రాగం వేరు, రెండు గంటల కచేరీని వర్ణం నుంచి మంగళం దాకా తానే నడపడం వేరు. ఏ కృతి తర్వాత ఏది, ఏ రాగం ఎంతసేపు, సాహిత్యం లేకుండా కీర్తన భావాన్ని కమానుతో ఎలా పలికించాలి, మృదంగానికి ఎక్కడ చోటివ్వాలి, ఇవన్నీ వేదిక మీద చేస్తేనే వస్తాయి. శ్రుతి కూడా అక్కడ అతని ఇష్టం, వాద్యానికి నిండుగా పలికే రెండున్నరో మూడో పెట్టుకుంటాడు. ఆ నాదమే వేరుగా ఉంటుంది.

కాబట్టి ఏడాదిలో మీ సభలో పక్కవాద్యం వాయించిన యువ వయొలిన్ కళాకారుల్లో కనీసం ఒకరికి గంటన్నర సోలో ఇవ్వండి. మధ్యాహ్నం రెండింటికి ఖాళీ కుర్చీల ముందు కాకుండా సాయంత్రం ఇవ్వండి. మృదంగానికి అనుభవజ్ఞుడిని వేయండి. మూడు నెలల ముందు చెప్పండి, ఎందుకంటే ఒక సోలో పట్టిక తయారవడానికి ఆ మాత్రం సమయం కావాలి.

త్యాగరాజ ఆరాధన జరిగే వచ్చే పుష్య బహుళ పంచమికి కళాకారులను పిలవడం మొదలుపెట్టేలోపు ఈ లేఖను మీ కార్యవర్గ సమావేశంలో చదవమని మనవి. మైకుల విషయంలో మీ సౌండ్ మనిషితో ఒక సాయంత్రం కూర్చోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. ఒకటి శ్రుతికి కలిపిన వాద్యం, ఐదున్నరకు కలిపిన వాద్యం రెండూ తెస్తాం. మైకు ఎక్కడ పెడితే ఎలా వినిపిస్తుందో మీరే హాలు చివరి వరుసలో కూర్చుని వినవచ్చు.

ఇట్లు,
వయొలిన్ నేర్పుతున్న, వాయిస్తున్న కొందరం